పుట్టినట్టు కాగితం

పాప పోయినట్టు రాయించుకుందామని మున్సిపల్ ఆఫీసుకి వెళ్లాను. గుమస్తా నా పేరు కంప్యూటర్లో మూడుసార్లు కొట్టి చూసి, తల అడ్డంగా ఊపాడు.

"అమ్మా, మీ పాప పుట్టినట్టే కంప్యూటర్లో లేదు. పుట్టని మనిషి పోయిందంటే ఇది ఒప్పుకోదు."

"మరి తొమ్మిది రోజులు నేనెవరికి పాలిచ్చాను నాయనా?"

అతను మళ్లీ కీబోర్డు ముందుకి లాక్కున్నాడు. "ముందు పుట్టినవాళ్ల జాబితాలో ఎక్కిస్తాను. అక్కడ నంబరొస్తేనే పోయినవాళ్ల జాబితాలో ఎక్కుతుంది. పేరు చెప్పండి."

పేరింకా పెట్టనే లేదు. ఒళ్లో వేసుకుని పిలుచుకున్న ముద్దుపేరే చెప్పాను.

నంబరొచ్చింది. మిషన్లోంచి కాగితం వెచ్చగా బయటికొచ్చింది. దానిమీద నా బిడ్డ పేరు, కింద తల్లి అని నా పేరు.

"ఇక రెండోది ఎక్కించనా అమ్మా?"

కాగితం గుండెకి హత్తుకున్నాను.

"దానికి రేపొస్తాను నాయనా. ఈ ఒక్క పూట నా బిడ్డని బతికుండనీ."