ఆగకుండా తిరిగేలా

"అమ్మ గదిలో నెట్ రాదుగా. ఫోటోలూ, పాటలూ, నాన్న గొంతూ అన్నీ ఒకే ఫోల్డర్‌లో సర్దేశాను. టీవీకి పెన్‌డ్రైవ్ గుచ్చితే చాలు, ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది," అన్నాడు అన్నయ్య.

"ఆఖరి స్లైడ్ తీసెయ్యి," అన్నాను.

అన్నయ్య మొహం మాడ్చుకున్నాడు. "నాన్న పోయిన తేదీ ఉన్నది అందులోనే. సంతాప సభలో అది రాగానే అందరూ లేచి నిలబడ్డారు. నీకేం అడ్డమొచ్చింది?"

"నిన్న నా లాప్‌టాప్‌లో అమ్మకి చూపించాను. మతిమరుపు మనిషి కదా, ఆ స్లైడ్ వచ్చిన ప్రతిసారీ 'మీ నాన్న పోయారా? నాకొక్క మాటైనా చెప్పలేదేమే?' అని కొత్తగా ఏడ్చింది."

అన్నయ్య ఆ స్లైడ్ తీసేశాడు.

మర్నాడు అమ్మ గదిలో, టీవీలో నాన్న నవ్వుతూనే ఉన్నారు. అమ్మ గుమ్మం వైపు చూసింది. "మీ నాన్న ఇంకా రాలేదేంరా?"

"దారిలో ఉన్నారమ్మా," అన్నాడు అన్నయ్య.