పాలవెల్లి పులుసు

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురు. జ్ఞానాంబ అవ్వ, తిరుపతిలో పని చేస్తూ పండక్కి వచ్చిన నాయన పరంధామయ్య, పదిమందిలో నోరు విప్పని ఆయన కూతురు చంద్రకాంత, నాలుగేళ్ల తమ్ముడు చిన్నబ్బ.

అమ్మ పురిటికి పుట్టింటికి పోయి ఉంది.

వినాయక చవితి మర్నాడు. దేవుడి మీద పాలవెల్లికి కట్టిన కూరగాయలన్నీ విప్పి, ఒకే కుండలో పులుసు పెట్టి, దేవుడికి చూపించి, సంగటితో తినడం ఆ ఊరి వాడుక.

గుమ్మడి, వంకాయ, కాకర, చిక్కుడు అన్నీ చంద్రకాంతే తరిగింది. సొరకాయ మాత్రం కొన్నది కాదు. పాడుబడ్డ గోడ మీద దానంతటదే పాకిన తీగకు కాసింది. తనే కోసుకొచ్చింది.

పులుసు ఉడుకుతోంది. చింతపండు, బెల్లం వాసన ఇల్లంతా కమ్ముకుంది.

పక్కింటి చెంగమ్మ గడపలో నిలబడి గొంతు తగ్గించింది.

"అత్తా, ఎవుతో ఆడమనిషి వీధిలో తిరగతా ఉండాది. ఇంటింటికీ పోయి పులుసు కుండ సూపించమంటాదంట."

"అడుక్కునేదేమోలే."

"సంగటి పెడితే తీసుకోదంట. కుండే సూడాలంట. బిడ్డ జాగ్రత్త."

ఆమె వెళ్లగానే అవ్వ చిన్నబ్బను దగ్గరికి లాక్కుని బుగ్గన దిష్టిచుక్క పెట్టింది.

"అవ్వా, ఆకలి."

"దేవునికి పెట్టినాక తిందువులేరా. పాపా, ఉప్పు సూస్తానని నోట్లో ఏసుకునేవు. ఎంగిలయితే కుండంతా పారబొయ్యాల."

చంద్రకాంత తలూపింది. దేవుడికి పెట్టే వంటను ఆ ఇంట్లో ఎవరూ రుచి చూడరు.

గుమ్మంలో నీడ పడింది.

రేగిన జుట్టు, వెలిసిన నేతచీర. ఆమె చూపు నేరుగా చిన్నబ్బ మీద నిలిచింది.

"బిడ్డ తినేసినాడా?"

అవ్వ చిన్నబ్బను కొంగు చాటుకు లాక్కుంది. "నీకెందుకు మే? సంగటి ముద్ద పెడతా, తీసుకోని పో."

"సంగటొద్దు. పులుసు ఒక్క సుక్క నాలిక మీద ఏసుకోనీండి."

"దేవునికి పెట్టంది నీ నోట్లోనా? పెద్ద దొరసానివే."

"సొరకాయ ఏసినారా? యాడిది?"

చంద్రకాంత పాడుగోడ వైపు చెయ్యి చూపించింది.

ఆ మనిషి అవ్వను తోసుకుని వంటింట్లోకి దూరింది. గరిటె ముంచి నాలుకకు తాకించుకుంది. తుపుక్కున ఉమ్మింది. మరుక్షణం కుండను కొంగుతో పట్టి పొయ్యిలోకి వొంచేసింది.

బుస్సుమని పొగ లేచింది. చిన్నబ్బ ఏడుపు అందుకున్నాడు.

"ఒరే పరంధామా, దేవుని కుండ పారబోసిందిరా."

నాయన పరుగెత్తుకొచ్చి ఆమె రెక్క పట్టుకుని ఈడ్చాడు.

"బిడ్డకు పెట్టబాకప్పా. సేదుగా ఉండాది."

"కాకరకాయ ఏస్తే సేదుండదా? నోటికాడి కూడు పొయ్యిలో పోస్తివి గదే."

చంద్రకాంత ముంజేతి మీద ఇందాక చిందిన పులుసు చుక్క ఒకటి ఉంది. నాకి చూసింది.

కాకర చేదు ఆమెకు తెలుసు. ఇది అది కాదు. నాలుక మొద్దుబారింది. గొంతు దాకా మంట పాకింది.

"నాయనా," అంది.

ఆ గొంతు ఎవరికీ వినపడలేదు.

వీధిలోకి తోసేస్తే ఆ మనిషి మట్టిలో పడింది. లేచి, చెంగమ్మ ఇంటి పొగ వైపు చూసింది.

చంద్రకాంత నాయన చేతి కింద నుంచి తల బయట పెట్టింది.

"ఎవురమ్మా నువ్వు?"

"ఐరాల మనిషిని పాపా. పోయినేడు ఇదే పొద్దు, ఇట్టాంటి సేదు సొరకాయే ఏసి, దేవుని పులుసు గదా అని రుచి సూడకుండా, నా బిడ్డలిద్దరికీ కడుపునిండా పెట్టి పోగొట్టుకున్నదాన్ని," అని ఆమె అంటుండగానే నాయన తలుపు మూసేశాడు.