తెరిచి ఉన్న ప్రైవేట్ విండో

ఇంటికంతటికీ ఒకటే కంప్యూటర్. అందుకే రెండో భార్య రోజూ మొగుడు గుర్రుపెట్టాక ప్రైవేట్ విండో తెరిచి, చనిపోయిన మొదటి భార్య ఫొటోలు చూస్తూ కళ్ళలో నిప్పులు పోసుకునేది. మూసేస్తే జాడ ఉండదు. లేదంటే, “పోయిన మనిషి మీద కూడా ఏడుపేనా?” అని అతను దెప్పుతాడు.

ఈ రాత్రి ఆ విండో అప్పటికే తెరిచి ఉంది. నిండా మొదటి భార్యవి కాదు, తన ఫొటోలే. ఎవరో ఒక్కొక్కటీ పెద్దది చేసుకుని తేరిపార చూసినట్టున్నారు. మొగుడా? జ్వరంతో పొద్దుటి నుంచీ మంచం దిగలేదు. ఇంట్లో మూడో మనిషి లేరు. కూర్చుంటే కుర్చీ వెచ్చగా తగిలింది.

గభాలున విండో మూసేసింది.

పడకగదిలోంచి మొగుడి గొంతు మత్తుగా వినిపించింది. “ఇంతసేపా బంగారం? రా, పడుకో.”

ఆమె ఇంకా కుర్చీలోంచి లేవనేలేదు. లోపల మంచం కిర్రుమంది.

తననెప్పుడూ అతను బంగారం అని పిలవలేదు.