గెజిట్‌లో లేనిది

“అమ్మా, ఆ బిళ్ల ఓపాలి సూడనిస్తావా?”

పద్మకుమారి ఉలిక్కిపడి నాణేన్ని పెట్టెలో పెట్టి మూత వేసేసింది.

విశాఖ పాసింజరు అప్పుడే నౌపడలో కదిలింది. అడిగినాయన ఎదుటి సీట్లో ఉన్నాడు. గళ్ల లుంగీ, భుజాన తువ్వాలు, కాళ్ల దగ్గర దుప్పటి మూట.

“బిళ్ల కాదు పెద్దాయనా, వెండి నాణెం. ముట్టుకుంటే మరక పడతాది.”

“ముట్టనులే. దూరం నుండే సూస్తాను.”

పద్మకుమారి పోస్టాఫీసులో గుమాస్తా. పదకొండేళ్లుగా స్మారక నాణేలు పోగేస్తోంది. విజయనగరంలో ఏటా జరిగే నాణేల పోటీ అంటే ఆమెకు పెళ్లిసందడే. ఎవరి నాణెం వాళ్లు పట్టుకెళ్లి, దాని గురించి పుస్తకాల్లో దొరకని సంగతి ఒకటి చెప్పాలి. అయిదే నిమిషాలు.

రెండేళ్లుగా ఆమదాలవలస భాస్కరే గెలుస్తున్నాడు. పైగా కిందటేడు అందరి ముందూ, “మేడమ్ గారు గెజిట్ బాగా సదువుతారు” అని హాలంతా నవ్వించాడు. కొత్త నాణెం బరువూ కొలతలూ అచ్చయ్యే సర్కారు పత్రం అది.

ఈసారి ఎలాగైనా ఆ నోరు మూయించాలి. పేజీన్నర రాసుకుంది. ఇంకా నోటికి రాలేదు.

“ఏటి బొమ్మమ్మా అది?”

వదిలేలా లేడని మూత కాస్త తెరిచింది.

“ఢిల్లీలో కొత్త పార్లమెంటు. అది తెరిచినప్పుడు వేశారు. డెబ్బై అయిదు రూపాయల నాణెం.”

ఆయన మెడ చాపి చూశాడు. ముఖం విప్పారింది.

“అవునవును, అదే! బాగా దింపేరు. ఐతే అది మూడు మూలలు గదా?”

“గుండ్రటి నాణేనికి మూడు మూలలేటి, పెద్దాయనా!”

ఆయనా నవ్వేశాడు. “నానన్నది బిళ్ల గురించి కాదమ్మా. మరేటంటే, ఆ ఏడు సలికాలం...”

“కాసేపు చదువుకోనియ్యి. నాకు పోటీ ఉంది.”

“సదువుకో తల్లీ, సదువుకో.”

ఆమె కాగితం తీసి పైకే చదవసాగింది.

“బరువు ముప్పై అయిదు గ్రాములు. అడ్డం నలభై నాలుగు మిల్లీమీటర్లు. సగం వెండి. మిగతాది రాగి, నికెలు, జింకు. అంచు చుట్టూ రెండు వందల గీతలు...”

“రెండొందలా! లెక్కెట్టేవా?”

“లెక్కపెట్టాను. సూది మొనతో. రెండు ఆదివారాలు పట్టింది.”

“ఓపికంటే నీదే తల్లీ. మరి ఆ బొమ్మలో ఇటు కొస...” అంటూ ఆయన వేలు నాణెం మీదికి వచ్చింది.

“వేలు!”

పొయ్యి తగిలినట్టు వెనక్కి తీసుకున్నాడు.

ఆ వేలు తువ్వాలుకు తుడుచుకున్నాడు.

“ఢిల్లీ ఎప్పుడైనా ఎల్లేవా, తల్లీ?”

“లేదు.”

“నానెల్లేను.”

“మంచిది.”

ఆమదాలవలసలో భాస్కర్ ఎక్కాడు. ఎక్కుతూనే ఆమెను చూసి చేతులు జోడించాడు.

“నమస్తే మేడమ్ గారూ! ఈ ఏడు ఏ గెజిట్టు?”

పద్మకుమారి గబగబా కాగితం మడిచేసింది.

“దాచకండి, నాదీ పార్లమెంటే,” అన్నాడు భాస్కర్ ఆమె ఒళ్లోని నాణేన్ని చూసి, జేబులోంచి పెట్టె తీసి చూపిస్తూ. “నిజం సెప్పాలంటే, సెప్పడానికి నాకేటీ దొరకలేదు. ఈసారి కప్పు మీదే.”

ఆమెకు ఒక్కసారిగా గాల్లో తేలినట్టయింది. దాంతో పాటే ఓ కొంటె ఆలోచన కూడా వచ్చింది.

“రండి, ఇక్కడ కూర్చోండి. కిటికీ పక్కన మంచి గాలి వస్తాది. ఈ పెద్దాయన కబుర్లు కూడా బాగా చెబుతాడు.”

నవ్వు దాచుకుంటూ లేచి, బోగీ చివరి సీటుకు వెళ్లిపోయింది.

పొందూరు దాటేసరికి ఒక పేజీ నోటికొచ్చింది. చీపురుపల్లి దాటేసరికి మిగతా సగమూ వచ్చేసింది. ఒకసారి తల ఎత్తి చూస్తే, ముసలాయన చేతులు గాల్లో తిప్పుతూ ఏదో చెబుతున్నాడు. భాస్కర్ నోరు తెరుచుకుని ముందుకు వంగి ఉన్నాడు.

‘పాపం, దొరికిపోయాడు!’ అనుకుని మురిసిపోయింది.

పోటీలో ఆమె ఒక్క మాట తడబడలేదు. సూది మొనతో గీతలు లెక్కపెట్టిన సంగతి చెప్పగానే చప్పట్లు కూడా కొట్టారు.

న్యాయనిర్ణేతగా వచ్చిన కాలేజీ మాష్టారు కళ్లజోడు సర్దుకున్నారు.

“చాలా బాగుందమ్మా. కానీ ఇవన్నీ గెజిట్‌లో ఉన్నవే కదా?”

హాలంతా నవ్వింది. పద్మకుమారికీ నవ్వాగలేదు. పోనీలే, భాస్కర్ దగ్గర అదీ లేదుగా!

భాస్కర్ చేతిలో నిజంగానే కాగితం ముక్క కూడా లేదు. అతని వెనకాలే, దుప్పటి మూట చంకన పెట్టుకుని, గళ్ల లుంగీ ఆయన బెరుకుగా వేదిక ఎక్కాడు.

“ఈయన పేరు నూకయ్య,” అన్నాడు భాస్కర్. “భోగాపురం ఎయిర్‌పోర్టులో పనికి పోతన్నాడు. బతిమాలి ఓ అరగంట ఆపేను.”

“ఈయనా నాణేలు దాస్తారా?” అని అడిగారు మాష్టారు.

“లేదండి,” అని భాస్కర్ తన నాణేన్ని నూకయ్య అరచేతిలో పెట్టి, “మావా, ఇందులో నువ్వు కట్టిన గోడ ఎటేపున్నాదో ఆళ్లకి సూపించు” అన్నాడు.