గడ్డకట్టని ఆరు డబ్బాలు

మొదటి దెబ్బకే బక్కోడి పెదవి చిట్లింది. రెండో దెబ్బకు ఐసు ఫ్యాక్టరీ తడినేల మీద చతికిలపడ్డాడు.

"నిన్న ఒక్కరోజు నేను లేకపోయేసరికి ఆరు డబ్బాల ఐసూ జావ చేస్తావురా? మధ్యాహ్నానికి పోలీస్ స్టేషన్‌కి దిమ్మలు చేరకపోతే నా ఉద్యోగం ఊడుతుంది," అన్నాడు మేస్త్రీ.

బక్కోడు ఉలకలేదు, పలకలేదు. నిన్న అదే స్టేషన్‌లో రెండు దిమ్మలు దించి వచ్చినప్పటినుంచీ వాడి వరస అదే.

పొద్దున్నుంచీ గుమ్మం వదలని యజమాని గడియారం చూసుకున్నాడు. "ఇన్‌స్పెక్టరు గారింట్లో విందు. మాట ఇచ్చాను. వాడిచేత నిజం కక్కించు. లేదా ఇద్దరూ ఇంటికెళ్ళండి."

ఇరవై రెండేళ్ళు ఆ తొట్ల మధ్యే నెరిసిపోయాడు మేస్త్రీ. ఈ వయసులో పని ఇచ్చేదెవరు? డబ్బాలో వేలు ముంచి నాలుక్కి రాసుకున్నాడు. కటిక ఉప్పు.

"డబ్బాలు ముంచే తొట్టి నీళ్ళలో ఉండాల్సిన ఉప్పు డబ్బాలోకి ఎలా వచ్చిందిరా?"

"నేనే వేశాను."

"ఉప్పు పడితే గడ్డకట్టదని నీకెవడు చెప్పాడు?"

"మీ అబ్బాయే. మొన్నామధ్య సెలవులకొచ్చినప్పుడు చెప్పాడు. చలి పెరిగేకొద్దీ నీళ్ళ కణాలు గెంతులు మాని, ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని వరసకడతాయట. అదే ఐసు. ఉప్పు మధ్యలో దూరితే ఆ పట్టు కుదరదట. కుదరాలంటే ఇంకా ఘోరమైన చలి కావాలట."

"హాస్టల్లో పెట్టి చదివిస్తుంటే వాడు నీకు పాఠాలు చెబుతున్నాడా?"

మేస్త్రీకి ఒళ్ళు మండిపోయింది. దిమ్మలు లాగే ఇనుప కొక్కెం తిరగేసి భుజం మీద బాదాడు. ఎముక పటుక్కుమంది. బక్కోడు మెలికలు తిరిగిపోయాడు. వాడి చూపు యజమాని మీదే ఉంది.

"దిమ్మలు లేవని నేనే చెప్పుకోవాలి, ఖర్మ," అంటూ యజమాని ఫోను తీసుకుని బయటికి నడిచాడు.

మేస్త్రీ కొక్కెం పారేసి వాడి ముందు కూలబడ్డాడు. "నీకు అన్నం పెట్టానురా. నా పొట్ట ఎందుకు కొట్టావురా?"

బక్కోడు నెత్తురు ఉమ్మి, గుమ్మం వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించాడు.

"విందూ లేదు, పాడూ లేదు మేస్త్రీ. స్టేషన్‌లో మనిషికి బట్టలు విప్పి, ఆ దిమ్మల మీద పడుకోబెట్టి చావబాదుతున్నారు. నిన్న కళ్ళారా చూశాను."

"ఎవర్నిరా?"

"మీ అబ్బాయిని."