దమ్ముంటే గ్రూపులో పెట్టు!

“చూపించను. ఏం చేసుకుంటారో చేసుకోండి,” అంది భార్య.

ఫోన్ల డాక్టరుకు తల కొట్టేసినట్టయింది. వీధిలో అందరూ అతన్ని అలాగే పిలుస్తారు. నీళ్లలో పడ్డ ఫోన్లకు ప్రాణం పోస్తాడు. జనం తాళం మరిచిపోయిన ఫోన్లను చిటికెలో తెరుస్తాడు. అంతటివాడికి సొంత పెళ్లాం ఫోను పొద్దుటినుంచి కొరకరాని కొయ్యయి కూర్చుంది.

గ్యాలరీ అంతా వెతికాడు. పక్కింటి పిల్లి తప్ప ఇంకేమీ లేదు. చివరికి క్యాలిక్యులేటర్ వేషం వేసుకున్న యాప్ ఒకటి దొరికింది. అందులో తీసిన ఫొటోలు అందులోనే ఉంటాయి. తాళం తీసినవాళ్లు ఒప్పుకుంటే తప్ప గ్యాలరీకి ఇవ్వదు, ఇంకే యాప్‌కూ ఇవ్వదు. బలవంతంగా తెరవబోతే మొత్తం చెరిపేసుకుంటుంది.

ఆమె బట్టల కొట్టులో పనికెళ్తే సాయంత్రానికి గాని రాదు. ఇన్నాళ్లూ గుడ్డిగా నమ్మాడు. ఆ సంగతి తలుచుకుని కాలు కాలిన పిల్లిలా గదంతా తిరిగాడు.

“ఎవడి ఫొటోలవి?”

“మీరు చూడనివేమీ కాదు.”

“మరి చూపించడానికేం?”

“మాటిచ్చాను. వాళ్లు సరేనంటే తప్ప తెరవను.”

వాళ్లట! గౌరవం కూడానా! అతనికి ఒళ్లు మండింది. చెయ్యెత్తాడు. ఆమె ఒక్క అడుగు కూడా వెనక్కి వెయ్యలేదు.

“వెయ్యండి చూద్దాం. ఆ చెయ్యి మళ్లీ స్క్రూడ్రైవర్ పట్టుకుంటే నన్నడగండి.”

పెళ్లైన కొత్తలో ఒకసారి ఇలాగే ఎత్తి, ఆ చూపు చూసి దించేశాడు. ఇవాళా దించేశాడు.

“అమ్మా! నువ్వైనా చెప్పు నీ కోడలికి!” అని అరిచాడు.

మూల కుర్చీలో ఉన్న తల్లి ఉలిక్కిపడింది. కొడుకు గొంతు లేస్తే ఆవిడ ఎప్పుడూ అంతే. పెద్దతనం కదా.

తాడో పేడో తేల్చేయాలనుకున్నాడు అతను.

“దమ్ముంటే మన కుటుంబం గ్రూపులో పెట్టు. మా అక్కా బావా, మీ అన్నయ్యలు, బాబాయిలు అందరూ చూస్తారు. నీ బండారం వాళ్లే తేలుస్తారు. లేదంటే సాయంత్రంలోగా బట్టలు సర్దుకుని పుట్టింటికి పో!”

“నేను పోతే అత్తయ్యని ఎవరు చూస్తారు?”

“నేను లేనా?”

ఆమె మొదటిసారి తడబడింది. తప్పు చేసినవాళ్ల మొహం ఎక్కడైనా దాగుతుందా అనుకున్నాడు అతను. ఆమె వెళ్లి అత్తగారి పక్కన కూర్చుంది.

“ఏం చెయ్యమంటారు అత్తయ్యా?”

అతనికి నవ్వొచ్చింది. పీకల మీదికొస్తే గాని పెద్దలు గుర్తు రారు!

పెద్దావిడ కొడుకు మొహంలోకి సూటిగా చూసింది. ఆవిడ అలా చూసి ఎన్నేళ్లయిందో అతనికే గుర్తులేదు.

“పెట్టేయమ్మా,” అంది. “ఇంక దాచక్కర్లేదు. అందర్నీ చూడనీ.”

“విన్నావా? ఎంతైనా కన్నతల్లి!” అన్నాడు ఛాతీ విరుచుకుని.

కోడలు అంకెలు నొక్కింది. యాప్ తెరుచుకుంది. ఈ ఫొటోలు వేరే యాప్‌కు పంపవచ్చా అని తెర మీద అడిగింది. కోడలు ఫోను అత్తగారి ముందుకు జరిపింది. ‘పంపు’ అన్నచోట వేలు పెట్టింది పెద్దావిడే.

అతని జేబులో ఫోను టింగు టింగుమంటూ మోగసాగింది. ఆ వెంటనే అక్క కాల్ చేసింది. బావ కూడా చేశాడు. నా వాళ్లంటే ఇలా ఉండాలి, ఇక దీని పని అయిపోయింది అనుకుంటూ దర్జాగా గ్రూపు తెరిచాడు.

కమిలిన మోచెయ్యి, వాచిన చెంప, మెడ మీద అచ్చంగా తన అయిదు వేళ్లు, ఏ ఫొటో తెరిచినా అందులో ఉన్నది తనను కన్న తల్లే.