ముళ్లపంది అడిగిన వెలుగు

ఆ అడవిలో మిణుగురుల వెలుగు అందరి ఉమ్మడి సొత్తు. బండ మీద నీడలాట ఆడాలంటే ఏనుగు పెద్దమ్మను అడిగి ఆ వెలుగు తీసుకోవాలి.

ఒక ఏడు ముళ్లపంది సుక్రి వెళ్లి, "పెద్దమ్మా, మావాళ్ల కథ ఆడతాను, వెలుగు ఇప్పించు" అంది.

"ఆ కథ ఏటా నేను ఆడుతున్నదేగా! నువ్వు పక్కనుండి సాయం చెయ్యి, చాలు" అని నెమలి అడ్డుపడింది.

సుక్రి నెమలి వైపు తిరిగింది. "నీ ఆటలో మేమెప్పుడూ గుచ్చేవాళ్లమే. మా అమ్మ ముళ్లు వాల్చుకుని మమ్మల్ని పొదువుకునేది. అది నీకెట్లా తెలుస్తుంది?"

పెద్దమ్మ ఆలోచించి, మిణుగురులను సుక్రి వెంట పంపింది.

ఆ సందెవేళ బండ మీద ఒక తల్లి నీడ మెల్లగా ముళ్లు వాల్చింది. పిల్లల నీడలు అందులో కలిసిపోయాయి. ఆట అయ్యాక, సుక్రిని చూస్తేనే పారిపోయే కుందేలు తనకు తెలియకుండానే వచ్చి ఆమెకు ఆనుకుని కూర్చుంది.